చుట్టుకు నాలుగు అరుపులు

"అయిదూ ఇరవైకి రైలు," అన్నాడు ఊరి ఠాణా అధికారి బ్రిగేడియర్ వెనార్, జేబుగడియారం మూత టప్పున మూస్తూ. "ఇప్పుడు మూడూ నలభై. ఈ ముసలాణ్ణి ఆ రైలెక్కించి జిల్లా జైలుకి పంపేది పంపేదే. ఈలోగా మీరేం చూసుకుంటారో చూసుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ."

ఇన్‌స్పెక్టర్ షావెరో వంగి బల్ల కింద చూస్తున్నాడు. చూడ్డానికి అక్కడేమీ లేదు. ముద్దాయి వైపు చూడాల్సిన పని తప్పించుకోవడానికి వంగాడు, అంతే.

పిడి తిప్పితే చక్రం రాసుకుని తీగెలు మోగే వియెల్‌లు తయారుచేసే దెసేర్ ఆదివారం మధ్యాహ్నం ఈ గదిలో, ఈ బల్ల పక్కనే చచ్చిపడి ఉన్నాడు. కొయ్యసుత్తితో తల వెనక ఒకే ఒక్క దెబ్బ. ఇవాళ మంగళవారం. శవాన్ని తీసుకుపోయినా మిగతా సామాను ఎక్కడిదక్కడే ఉంచమని షావెరో క్లెర్మాన్ నుంచి తంతి కొట్టాడు. వెనార్ అతని మాట విన్నది అదొక్కటే.

ముద్దాయి కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, గొర్రెలకాపరి అంగీ, చెక్క చెప్పులు. కుడి మణికట్టు బన్ను రొట్టెలా వాచిపోయి ఉంది. బేడీలు వేసేటప్పుడు వెనార్ మనుషులు మెలిపెట్టారు. తిరునాళ్ళలో, పెళ్ళిళ్ళలో వియెల్ వాయించుకు బతికే దేశదిమ్మరి. పేరడిగితే "ఉత్తరగాలి అంటారయ్యా నన్ను" అన్నాడు. అది జనం పెట్టిన పేరు. అసలు పేరు ఎన్ని తన్నులు తిన్నా చెప్పలేదు.

షావెరోకి ఆ పేరు తెలుసు. అతను ఆ ముసలాయన పెద్దకొడుకు.

నిన్న సాయంత్రం ఠాణాలో తలుపు తీసి లోపలికి వెళ్ళగానే ముసలాయన గుర్తుపట్టాడు. ఒక్క రెప్పపాటు కళ్ళు మెరిశాయి. తర్వాత లేచి నిలబడి, టోపీ తీసి, "దండాలు దొరా" అన్నాడు. పంతొమ్మిదేళ్ళ తర్వాత తండ్రి నోటివెంట విన్న మొదటి మాట అది. అప్పుడు "నాన్నా" అని ఉంటే సరిపోయేది. వెనార్ పక్కనే నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. క్లెర్మాన్ ఆఫీసులో షావెరో తండ్రి సర్వేయరనీ, ఎప్పుడో చనిపోయాడనీ కాగితాల మీద రాసి ఉంది. రాసింది షావెరోనే. అందుకని "కూర్చోవోయ్" అన్నాడు. ఆ మాట అన్నప్పటి నుంచి అతనికి అన్నం సహించలేదు.

"టైములు మళ్ళీ ఒకసారి చెప్పండి," అన్నాడు షావెరో నిటారుగా నిలబడి.

వెనార్ నోటుపుస్తకం తీశాడు. పాఠం అప్పజెప్పినట్టు చదివాడు. "రెండున్నరకి దెసేర్ ఇదే కిటికీలోంచి చాకలి సొలాంజ్‌ని పలకరించాడు. రెండూ యాభైకి లోపల వియెల్ మోత మొదలైంది. కొత్త వియెల్ తయారైతే ఓ అరగంట వాయించి చూడ్డం ఆయన అలవాటు, ఊరందరికీ తెలుసు. మూడుంబావుకి మోత ఆగింది. రెండింటి నుంచి సారాకొట్టులో కూర్చున్న ఈ ముసలాడు మూడూ ఇరవైకి లేచాడు. కొట్టువాడు గడియారం చూసి మరీ చెప్పాడు, నేనే రాసుకున్నాను. అక్కణ్ణుంచి ఇక్కడికి మూడు నిమిషాలు. మూడూ ముప్ఫయ్యైదుకి సొలాంజ్ ఉతికిన చొక్కాలు ఇవ్వడానికొస్తే దెసేర్ నేలమీద, వీడు వియెల్ పట్టుకుని శవం పక్కన. ఇంకేం కావాలండీ? జడ్జిగారి కుక్కపిల్ల కూడా తీర్పు చెప్పేస్తుంది."

"పెరటి తలుపు?"

"గడియ తీసుంది. ఎప్పుడూ తీసే ఉంటుందట."

షావెరో పొయ్యిబల్ల మీది జిగురుగిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఒక గిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళలో ఇంకో చిన్న గిన్నె, దాంట్లో తోలుజిగురు. కింద స్పిరిట్ దీపం. జిగురు ఎప్పుడూ నేరుగా మంట తగలకుండా వేణ్ణీళ్ళలోనే కరగాలి. ఇప్పుడు పెద్ద గిన్నెలో చుక్క నీళ్ళు లేవు. చిన్న గిన్నెలో జిగురు బొగ్గై అంటుకుపోయింది.

"సొలాంజమ్మా," అని పిలిచాడు.

గుమ్మం దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డ లావుపాటి చాకలామె ముందుకొచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. ఎదురింటి అరుగు మీదే ఆమె ఉతుకుడు తొట్టి. వీధిలో ఎవరు తుమ్మినా ఆమెకి తెలుస్తుంది.

"నువ్వు లోపలికొచ్చినప్పుడు వాసనేమైనా వేసిందా?"

"వాసనా? నా తల్లో! గుర్రానికి లాడం కొట్టేటప్పుడు గిట్ట కాలదూ, ఆ కంపు బాబూ. ముందు ఆ దీపం ఆర్పాను. శవాన్ని చూసి కేకేసింది ఆ తర్వాతే. నిజం చెప్తున్నా, పాపమో పుణ్యమో."

షావెరో వెనార్ వైపు తిరిగాడు. "పొద్దున ఇలాంటి గిన్నెలోనే నీళ్ళు పోసి, ఇదే దీపం వెలిగించి, గడియారం ముందు పెట్టుకు కూర్చున్నాను. నీళ్ళు పూర్తిగా ఇగరడానికి నలభై నిమిషాలు పట్టింది. జిగురు మాడ్డానికి ఇంకో అయిదు. అంటే ఆదివారం రెండూ యాభై తర్వాత ఈ గిన్నెని పట్టించుకున్నవాడు లేడు."

"వాయిద్యం ధ్యాసలో మరిచిపోయాడు."

"సరే. మరి చచ్చిపోయినప్పుడు దెసేర్ చేతిలో ఏముంది?"

వెనార్ నోటుపుస్తకం తిరగేశాడు. "కుంచె."

"ఇదిగో ఆ కుంచె. దీనిమీది జిగురు ఏ రంగులో ఉందో చూడండి. తేనెరంగు. గిన్నెలోది బొగ్గు. గిన్నె మాడకముందు, కరిగిన వేడి జిగురులో ముంచి తీసిన కుంచె ఇది. అదిగో, ఇంకా పూర్తికాని ఆ వియెల్ పెట్టె అంచుకి జిగురు సగం దాకా రాసి ఉంది, అతుకుని నొక్కి ఉంచే పట్టుకొయ్యలు బిగించనేలేదు. తోలుజిగురు నిమిషంలో గట్టిపడుతుంది. జిగురు రాసినవాడు పట్టుకొయ్యలు బిగించకుండా తీరిగ్గా పాతిక నిమిషాలు పాట వాయించుకుంటూ కూర్చోడు. దెసేర్ జిగురు రాస్తుండగా పోయాడు. వియెల్ మోగడం మొదలయ్యేసరికే పోయాడు."

గుమ్మం దగ్గర కాపలా ఉన్న పోలీసు నోరు వెళ్ళబెట్టాడు.

వెనార్ నవ్వాడు. "అయితే శవమే వాయించిందంటారు."

"చంపినవాడు వాయించాడు. దెసేర్ బతికే ఉన్నాడని ఊరు అనుకోవాలని. మూడుంబావుకి ఆపి పెరటి తలుపున వెళ్ళిపోయాడు. ఇతను వచ్చేసరికి..." ముసలాయన వైపు చెయ్యి చూపించాడు గానీ చూపు మాత్రం అటు తిప్పలేదు. "అంతా అయిపోయింది."

"భలే చెప్పారు. జిగురు మాడింది, కుంచె మాడలేదు, కాబట్టి ముద్దాయిని వదిలేయండి అని జడ్జిగారికి మీరు చెప్పుకోండి. మూడువందల మంది చెవులతో విన్నారు దెసేర్ వాయించడం. ఏమ్మా సొలాంజ్, విన్నావా లేదా?"

"విన్నానండీ."

"అయిపోయింది."

షావెరోకి తెలుసు, ఇంతటితో ఆగదని. చెవులతో విన్నదాన్ని చెవులతోనే కొట్టెయ్యాలి. అది ఎలా చెయ్యాలో కూడా తెలుసు. నిన్నటి నుంచి తెలుసు. తెలిసీ కుంచెలూ గిన్నెలూ పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాడు. ఎందుకు తిరుగుతున్నాడో తలుచుకుంటే తనమీద తనకే రోత పుట్టింది.

ముద్దాయిని ప్రశ్నించడానికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"దెసేర్‌తో నీకేం పని?"

"నా వియెల్ ఈయన దగ్గరుంది దొరా. చక్రం వంగితే బాగుచెయ్యమని ఈస్టర్‌కి ముందు ఇచ్చాను." ముసలాయన గొంతు నెమ్మదిగా ఉంది. అబ్బాయి ఉద్యోగానికి ఇబ్బంది రాకుండా మాట్లాడుతున్న గొంతు. "మామూలు వియెల్ కాదు దొరా అది. రాజుల కాలంలో దొరసానులు గొర్రెలకాపరి పిల్లల్లా వేషం కట్టి తోటల్లో వియెల్ వాయించేవాళ్ళు, సరదాకి. అప్పట్లో మంచి మంచి వీణల పెట్టెలు కోసేసి చక్రాలు బిగించి వియెల్‌లు చేయించుకున్నారు. అలాంటి పెట్టె. అంచు పొడుగునా దంతం పొదిగి ఉంటుంది. దొరసానులకి మోజు తీరాక వంటవాళ్ళకి పారేశారు. వంటవాడి దగ్గర్నించి మా ముత్తాతకి. తోటల్లోంచి తిరునాళ్ళకి నడిచొచ్చింది."

"అమ్మేశాడు కదా దెసేర్ దాన్ని?"

"పారిస్‌లో ఎవరో పెద్దమనిషికి. అద్దాలబీరువాలో పెట్టుకుంటాడట. శనివారం తెలిసింది. అడుగుదామని ఆదివారం వచ్చాను."

"అడిగి, లేదనేసరికి కొట్టావు," అందుకున్నాడు వెనార్.

"చచ్చిపోయినవాణ్ణి ఏం అడుగుతాను దొరా?"

షావెరో బల్ల మీది కొత్త వియెల్‌ని చూశాడు. శవం పక్కన ముసలాయన పట్టుకు నిలబడ్డది ఇదే. చక్రం మీద గుగ్గిలం పొడి తాజాగా మెరుస్తోంది. కానీ తీగెలు బోసిగా ఉన్నాయి. చక్రం తగిలేచోట ప్రతి తీగెకీ పల్చగా దూది చుట్టాలి, లేకపోతే పిల్లి తోక తొక్కినట్టు గీపెడుతుంది. పాతిక నిమిషాలు వాయించిన వియెల్‌కి దూది లేకపోవడమేమిటి?

"నువ్వు దొరికినప్పుడు నీ గుప్పిట్లో ఏదో ఉందట."

ముసలాయన చూపు దించుకున్నాడు. "నాకు గుర్తులేదు దొరా."

"చెత్త," అన్నాడు వెనార్, సాక్ష్యాల డబ్బాలోంచి ఒక కాగితం పొట్లం తీసి విసిరేస్తూ. "దూది పీలిక. వీడి జేబుల్లో అన్నీ ఇలాంటివే."

షావెరో పొట్లం మడత కొంచెం ఎత్తాడు. పైకి కనిపించే దూది ఒకవైపు నలిగి, గుగ్గిలం పొడితో పసుప్పచ్చగా ఉంది. చక్రం కింద అరిగిన దూది. అంటే తీగెల మీంచి ఊడబెరికింది. అతనికి ముఖంలోకి వేడి ఎక్కింది. చిన్నప్పుడు తిరునాళ్ళలో సాటి వాయిద్యగాళ్ళు సారా తాగడానికి లేచినప్పుడు, వాళ్ళ వియెల్‌ల మీంచి చిటికెడు దూది గిల్లుకు రమ్మని తండ్రి తనని పంపేవాడు. దూది కొనాల్సిన వస్తువని వాళ్ళింట్లో ఎవరికీ తోచేది కాదు. ఈయన మారలేదు, అనుకున్నాడు. శవం ఇంకా చల్లబడకముందే పక్కనున్న వియెల్ తీగెల మీది దూది గిల్లుకున్నాడు. ఇది ఈ వెనార్‌కి అర్థమైతే ఊరంతా చాటిస్తాడు.

పొట్లం విప్పకుండానే మడిచి పక్కన పెట్టేశాడు. "అవును, చెత్తే," అన్నాడు.

పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక సాక్ష్యాన్ని విప్పి చూడకుండా మూసెయ్యడం అదే మొదటిసారి.

తర్వాత సొలాంజ్ దగ్గరికి వెళ్ళాడు. "దెసేర్ ఎలా వాయించేవాడమ్మా?"

"ఏడ్చినట్టు," అంది సొలాంజ్ ఏమాత్రం తడుముకోకుండా. "వియెల్ చెయ్యడంలో మొనగాడే. వాయించడం మాత్రం, దేవుడా. చెయ్యి బిగుసుకుపోయి ఉండేది. కుక్క నోరు నొక్కేసినట్టుండేది."

"ఏ కుక్క?" అన్నాడు వెనార్. అతను ఉత్తరాది నుంచి వచ్చినవాడు.

"వియెల్‌లో కుక్కండీ! ఓ తీగె కింద చిన్న కొయ్యముక్క వదులుగా నిలబడి ఉంటుంది చూడండి. పిడి తిప్పుతూ మణికట్టు ఇలా కుదిపినప్పుడల్లా అది బల్లని కొట్టి బర్రుమంటుంది. కుక్క మొరిగినట్టే. దానిమీదే కదా జనం చిందేసేది!"

"ఆదివారం ఎలా మొరిగింది?" అడిగాడు షావెరో.

సొలాంజ్ బుగ్గన వేలేసుకుంది. "అడిగారు కాబట్టి చెప్తున్నా బాబూ. ఆరోజు దెసేర్ బాగా తాగాడనుకున్నా. చెయ్యి సాగింది. కుక్క భలే మొరిగింది. తొట్టి దగ్గర నా కాలు దానంతటదే ఆడింది."

"ఒక చుట్టుకి ఎన్నిసార్లు మొరిగింది? రెండా, మూడా, నాలుగా?"

"అదెవరు లెక్కపెట్టారు? వినిపిస్తే చెప్తాను."

వెనార్ చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! ఇప్పుడు కుక్క అరుపులు కూడా సాక్ష్యమే. ఇంతకీ ఇన్‌స్పెక్టర్ గారికి ఈ ముష్టివాయిద్యం గురించి ఇంత పాండిత్యం ఎక్కణ్ణించి వచ్చిందో?"

"పుస్తకంలో చదివాను."

అనేశాడు. పెదాలు వాటంతటవే అనేశాయి. కిటికీ దగ్గర ముసలాయన తల కొంచెం ఊపాడు, బాగానే చెప్పావన్నట్టు. ఆ తల ఊపు షావెరోని చెంపమీద కొట్టినట్టయింది.

"మరి వాయించి వినిపించేదెవరు?" వెనార్ వదల్లేదు. "దెసేర్ పోయాడు. ఈ ముసలాడి చెయ్యి చూస్తే గుమ్మడికాయ. ఊళ్ళో మిగతా వాయిద్యగాళ్ళంతా మిల్లు దగ్గర పెళ్ళిలో ఉన్నారు, అటు ఆరుమైళ్ళు. నాలుగైంది. ఇంకో అరగంటలో వీణ్ణి స్టేషన్‌కి నడిపిస్తాను. అసలే కుంటి నడక. లేవరా ముసలోడా!"

కాపలా పోలీసు వెళ్ళి ముసలాయన్ని రెక్క పట్టుకు లేపాడు. ముసలాయన వాచిన చెయ్యి పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. ఎటూ చూడలేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే షావెరోకి కొంచెం తేలికయ్యేది.

వీధిబడిలో చదివే రోజుల్లో ఒకసారి తండ్రి గేటు దగ్గరికి వచ్చాడు, వీపున వియెల్ మూట, చేతిలో రొట్టె. మాస్టారు "ఎవర్రా ఆయన?" అని అడిగితే "ఎవరో బిచ్చగాడండీ" అన్నాడు తను. తండ్రి విన్నాడు. రొట్టె గేటు రాయి మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తుకోలేదు. ఇప్పుడు తనకి ముప్ఫయ్యెనిమిది. ఇంకా ఆ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఆగండి," అన్నాడు షావెరో. "నేను వాయిస్తాను."

వెనార్ కనుబొమలు ఎగరేశాడు. "పుస్తకం చూసుకునా?"

"పుస్తకం లేదు. అబద్ధం చెప్పాను. మా నాన్న నేర్పాడు."

"ఎవరండీ మీ నాన్నగారు?"

షావెరో నిన్నటి నుంచి తప్పించుకున్న వైపు తిరిగాడు. "అదిగో. మీవాడు రెక్క పట్టుకున్నాడే, ఆయన. పేరు బ్లేజ్ షావెరో."

పోలీసు చటుక్కున చెయ్యి వదిలేశాడు. సొలాంజ్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ముసలాయన ముఖం పాలిపోయింది.

"దొర పొరబడ్డారు," అన్నాడు. "నాకు కొడుకుల్లేరు. ఎవరూ లేరు. పదండి బాబూ, రైలుకి పోదాం."

"నాన్నా, ఇక చాలు."

"నేను మీకేమీ కాను దొరా! లేని చుట్టరికం కలిపేస్తే ఎట్లా? వద్దండీ. వాయించొద్దు. నన్ను పంపించెయ్యండి."

తన పరువు కోసమే తండ్రి ఇంత తాపత్రయపడుతున్నాడనుకున్నాడు షావెరో. కళ్ళు మసకబారాయి. కోటు విప్పి, వియెల్ ఒళ్ళో పెట్టుకుని, తోలుపట్టీ నడుముకి బిగించాడు. దెసేర్ డబ్బాలోంచి దూది తీసుకున్నాడు. పంతొమ్మిదేళ్ళైనా వేళ్ళకి దారి తెలుసు. తెలియడమే కాదు, మొదట దూది చుట్టడానికి ఒప్పుకోలేదు. ఇంకేదో వెతుక్కున్నాయి. చివరికి అతను తన మెడలోని ఉన్ని మఫ్లర్ అంచు నుంచి నాలుగు పోగులు లాగి, వాటిని ముందు తీగెకి చుట్టి, పైన దూది పెట్టాడు.

"అదేంటి బాబూ?" అంది సొలాంజ్. "ఉన్ని ఎవరూ పెట్టరే."

"మా ఇంట్లో పెడతారు. ముళ్ళకంచెలకి గొర్రెలు వదిలిన ఉన్ని ఏరుకొచ్చి లోపల చుడితే దూది తక్కువ పడుతుంది. మా నాన్న కనిపెట్టిన పొదుపు."

ముసలాయన మళ్ళీ ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

షావెరో పిడి తిప్పాడు. ముందు బిగుసుకున్న చేత్తో, చుట్టుకి రెండే అరుపులు. సొలాంజ్ ముఖం చిట్లించింది. "ఇది దెసేర్ చెయ్యి. ఆదివారంది ఇది కాదు." తర్వాత మూడు. "ఊహూఁ. ఇంకా వడి ఉండాలి."

మణికట్టు వదులు చేశాడు. తండ్రి పొలంగట్ల మీద కూర్చోబెట్టి, తన చేతిమీద చెయ్యి వేసి నేర్పిన చుట్టు అది. నాలుగు అరుపులు, నాలుగోదాని వెనక చిన్న ఎక్కిలి. తండ్రికి చిన్నప్పుడు మణికట్టు విరిగి అతుక్కుంది, చుట్టు చివర తెలియకుండా చిన్న తడబాటు. కొడుకు తడబాటుతో సహా నేర్చుకున్నాడు. గది మొత్తం మోగింది. సొలాంజ్ కాలు నేలమీద తాళం వేసింది.

"అదే!" అని అరిచింది. "అచ్చం అదే! ఆ చివర ఎక్కిలితో సహా! అన్నం మీద ఒట్టు, ఆదివారం వాయించింది ఈ చెయ్యే!"

షావెరో పిడి ఆపాడు. అతను వెనార్ని చూసి నెమ్మదిగా అన్నాడు. "దెసేర్ వాయించలేదని ఆవిడే చెప్పింది. నాలుగు అరుపులు చదివి నేర్చుకునేవి కావు, మంచి వాయిద్యగాడి చెయ్యి కావాలి. మోత నడిచింది రెండూ యాభై నుంచి మూడుంబావు దాకా. రెండింటి నుంచి మూడూ ఇరవై దాకా మా నాన్న సారాకొట్టులో ఉన్నాడు. మీ చేతిరాత, మీ నోటుపుస్తకం. ఇక బేడీలు తియ్యండి."

వెనార్ నోటుపుస్తకంలో ఆ టైములు మళ్ళీ చదువుకున్నాడు. అతను మొరటు మనిషే గానీ మొద్దు కాదు. కాపలా పోలీసుకి సైగ చేశాడు. బేడీలు ఊడాయి.

"సరే. ఈయన కాదు," అన్నాడు వెనార్. మొదటిసారి 'ఈయన' అన్నాడు. "కానీ ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక సంగతి. ఈవిడ 'ఇలాంటి చెయ్యి' అనలేదు. 'ఈ చెయ్యే' అంది. ఆదివారం మీరు క్లెర్మాన్‌లో ఉన్నారు, నాకు తెలుసు. మరి మీ నాన్నగారి ఎక్కిలి ఇంకెవరి చేతికుంది?"

షావెరో నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. తండ్రి ముఖంలో విడుదలైనవాడి సంతోషం మచ్చుకైనా లేదు. ముసలాయన బల్ల మీద మడిచి పెట్టిన కాగితం పొట్లాన్ని చూస్తున్నాడు. నెమ్మదిగా ఎడమచెయ్యి దానివైపు చాపుతున్నాడు.

షావెరో ముందు అందుకుని విప్పాడు. నలిగిన దూదిని గోటితో చీల్చాడు. లోపల బూడిదరంగు గొర్రెఉన్ని, చక్కగా మూడు చుట్లు.

ఆరువారాలుగా తండ్రి దగ్గర వియెల్ లేదు. ఈ దూది తండ్రి చుట్టింది కాదు. దెసేర్ ఎన్నడూ ఉన్ని పెట్టడు. ఆదివారం ఈ వియెల్ వాయించినవాడు బోసి తీగెల మీద చెయ్యాడక, అలవాటుకొద్దీ తన సంచిలోని ఉన్ని తీసి తనకి తెలిసిన పద్ధతిలో చుట్టాడు. తర్వాత తండ్రి వచ్చాడు. శవాన్ని చూశాడు. తీగెల్ని చూశాడు. చూడగానే ఎవరి చెయ్యో తెలుసుకుని, దాన్ని ఊడబెరికి గుప్పిట్లో దాచాడు. దొంగతనం అనుకున్నాడు తను. తండ్రి అంటే ఉన్న సిగ్గు కళ్ళకి గంతలు కట్టింది.

"సిల్వెన్," అన్నాడు. నోరు జారింది, గుసగుసే. "వాడు గనిలో కదా ఉన్నాడు?"

తమ్ముడు. తను ఇల్లు విడిచినప్పుడు అయిదేళ్ళవాడు.

"గనిలో ఊపిరాడక ఆరేళ్ళ కిందటే వచ్చేశాడు," అన్నాడు ముసలాయన. ఇక దొరా అనలేదు. "నేనే నేర్పాను. దెసేర్ అమ్మేసిన ఆ వియెల్ నా తర్వాత వాడిదే అన్నాను. నీకు మూడుసార్లు ఉత్తరం రాయించాను. విప్పకుండానే తిరిగొచ్చాయి."

వెనార్ అప్పటికే నోటుపుస్తకంలో వెనక్కి పేజీలు తిప్పుతున్నాడు. ఒకచోట ఆగి, వేలు పెట్టాడు.

"ఊళ్ళో వాయించుకోడానికి శుక్రవారం అనుమతి ఇచ్చాను. సిల్వెన్ షావెరో, ఇరవైనాలుగేళ్ళు. ఆదివారం సాయంత్రం అయిదున్నరకి మిల్లు పెళ్ళిలో పాట మొదలెట్టాడని అక్కడివాళ్ళన్నారు. పేరు చూసి నవ్వుకున్నాను కూడా, క్లెర్మాన్ ఇన్‌స్పెక్టర్‌కి చుట్టమేమోనని." పోలీసు వైపు తిరిగాడు. "ఇద్దర్ని తీసుకుని గుర్రాల మీద మిల్లుకి పో. పెళ్ళి మూడోరోజు, ఇంకా అక్కడే ఉంటాడు."

బూట్ల చప్పుడు వీధిలోకి పరిగెత్తింది. సొలాంజ్ ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ గోడవైపు తిరిగింది. షావెరో ఒళ్ళోంచి వియెల్ తియ్యడం కూడా మరిచిపోయి కూర్చున్నాడు.

ముసలాయన ఊడిన బేడీల వైపు చూశాడు. తర్వాత పెద్దకొడుకు వైపు. కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు.

"మూడ్రోజులు తన్నినా ఇంటిపేరు చెప్పలేదురా నేను," అన్నాడు. "నీ ఉద్యోగం పోకూడదని సగం, వాడి పీక తెగకూడదని సగం. నేను పోతే సరిపోయేది, ఎట్లాగూ పోయేవాణ్ణి. జన్మకల్లా ఒక్కసారి నా కొడుకునని నలుగుర్లో చెప్పుకున్నావు. అది ఇవాళే చెప్పాలా అబ్బాయ్?"